కోయని పూలు

మే 27, మంగళవారం. 26 డిగ్రీలు. గాలి లేదు.

రాయమని మారిసెల్ చెప్పింది. మారిసెల్ అంటే నా భార్య హేజెల్ ఉన్న వార్డులో నర్సు. ఫిలిప్పీన్స్ మనిషి. ఎత్తు నా భుజం దాకా రాదు గానీ గొంతు వార్డు ఆ చివరి మంచం దాకా వినిపిస్తుంది. "ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేనప్పుడు కాగితంతో మాట్లాడండి థర్లో గారూ, లేకపోతే పిచ్చెక్కుతుంది" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను. రోజూ సాయంత్రం డిపోలో లాగ్ పుస్తకం నింపేవాణ్ణి. బయలుదేరిన టైము, చేరిన టైము, బండికి వచ్చిన జబ్బు. రాయడమంటే నాకు తెలిసింది అదే. అలాగే రాస్తాను.

బయలుదేరిన టైము: ఏప్రిల్ 29, ఉదయం ఏడున్నర. వంటింట్లో కెటిల్ పట్టుకుని హేజెల్ కింద పడింది. స్ట్రోక్. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి.

చేరే టైము: ఇంకా తెలీదు.

బండికి వచ్చిన జబ్బు: తోట.

ఈ ఇంట్లో తోట ఆమెది, షెడ్డు నాది. నలభై నాలుగేళ్ళ కాపురంలో మేమిద్దరం ఆ సరిహద్దు దాటలేదు. పచ్చిక కత్తిరించడం ఒక్కటే నాకు అప్పగించింది, అదీ "అంచులు తొక్కకు క్లైవ్" అని వెనక నిలబడి కాపలా కాస్తూ. నాకు పూలంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. కానీ పోయిన అక్టోబరులో టాయిలెట్ కాగితం చుట్టే అట్ట గొట్టాలు దాచి, ఒక్కో గొట్టంలో ఒక్కో గింజ పెట్టి, చలికాలమంతా నా షెడ్డు కిటికీ దగ్గర నాకు చోటు లేకుండా పెంచింది ఆ స్వీట్ పీ పూలతీగల్ని. మార్చిలో దక్షిణం గోడ పక్కన వెదురు కర్రల పందిరి వేసి నాటింది. ఇవాళ ఉదయం దాని మీద మొదటి పువ్వు విచ్చింది. లేత ఊదా రంగు. వాసన గుమ్మం దాకా వచ్చింది.

ఆమె ఇంటికొచ్చేసరికి ఆ పందిరి నిండుగా ఉండాలి. ఒక్క పువ్వు కూడా కోయను, ఎవర్నీ కోయనివ్వను. అంతే.

మే 28. 27 డిగ్రీలు.

మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి. నేను నడిపిన రూట్లోనే పాసు మీద ప్రయాణం. కొత్త డ్రైవరు ప్రతి స్టాపులోనూ బ్రేకు తొక్కే తీరు చూస్తే ప్రయాణికుల మీద పగబట్టినట్టుంది.

హేజెల్‌కి చెప్పాను, మొదటి పువ్వు వచ్చిందని. విన్నది. కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమ చెయ్యి పైకెత్తి, చూపుడు వేలూ నడిమి వేలూ తెరిచి మూసింది. మళ్ళీ తెరిచి మూసింది. కత్తెరలాగా.

గోళ్ళు పెరిగాయి కదా పాపం. మారిసెల్ దగ్గర నెయిల్ కట్టర్ అడిగి తెచ్చి పది గోళ్ళూ తీశాను, నున్నగా. అయ్యాక ఆమె నావైపు చూసిన చూపు నాకు బాగా తెలిసిందే. పెళ్ళయిన కొత్తలో నేను ఆమె కుండీలో టీ పొడి పారబోసినప్పుడు చూసిన చూపు. ఆ చూపు మిగిలి ఉన్నందుకు బస్సులో వస్తూ కొంచెం సంతోషించాను.

జూన్ 1, ఆదివారం. 29 డిగ్రీలు, ఇక్కడ ఇంత ఎండ అరుదు. వాన జాడ లేదు.

ఇవాళ్టి నుంచి తోటలకి పైపుతో నీళ్ళు పట్టకూడదట. నీళ్ళ కంపెనీ వాళ్ళు రేడియోలో చెప్పారు. సరే. రూలంటే రూలు. పైపు చుట్టి షెడ్డులో మేకుకి తగిలించాను.

స్నానం చేసిన నీళ్ళు తొట్టిలోనే ఉంచి డబ్బాతో మోశాను. మేడమెట్లు పదమూడు, గుమ్మం మెట్లు రెండు. మొత్తం పద్దెనిమిది డబ్బాలు. మూడో డబ్బాకి మెట్ల మీద తివాచీ తడిసింది. హేజెల్ ఉంటే చంపేసేది. ఉంటే.

పక్కింటి కిటికీలో తెర కదిలింది. థెల్మా చూస్తోంది, నేను పైపు వాడుతున్నానేమోనని. చూసుకోనీ.

జూన్ 3. 28 డిగ్రీలు.

థెల్మా పాస్క్ గురించి రాసుకోవాలి, కడుపు మండిపోతోంది. పదకొండేళ్ళ కిందట నా షెడ్డు పైకప్పు తన గులాబీకి ఎండ తగలనివ్వడం లేదని కౌన్సిలుకి ఉత్తరం రాసిన మనిషి. హేజెల్‌కి ప్రాణ స్నేహితురాలు, నాకు పక్కింటావిడ. అప్పటి నుంచీ మా ఇద్దరి మధ్య గుడ్ మార్నింగ్ తప్ప రెండో మాట లేదు. ఆవిడ పొద్దున్నే గేటు తీసుకుని నేరుగా పందిరి దగ్గరికి వచ్చేసింది, చేతిలో బుట్ట, కత్తెర.

"క్లైవ్, ఈ స్వీట్ పీలు నేను చూసుకుంటాలే. నీకు ఆసుపత్రికి తిరగడమే సరిపోతోంది కదా."

"చూసుకోడానికేముంది? గోడ అవతల్నుంచి చూడు, కళ్ళకి ఎవరూ అడ్డం లేరు."

"చూడ్డం కాదయ్యా మగడా, కొయ్యాలి. రోజూ కొయ్యకపోతే..."

"కోసి ఏ ఇంటికి పట్టుకెళ్తావేంటి? నీ ఇంటికేనా?"

ఆవిడ మొహం ఎర్రబడింది. కత్తెర బుట్టలో పడేసి, "నలభై నాలుగేళ్ళు హేజెల్ నీతో ఎలా వేగిందో ఆ దేవుడికే ఎరుక" అంది.

"ఆమెనే అడుగు. ఆసుపత్రిలో రెండింటి నుంచి ఎనిమిది దాకా చూడనిస్తారు" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. హేజెల్‌ని ఏం అడిగినా జవాబు రాదని ఇద్దరికీ తెలుసు. థెల్మా బుట్ట పట్టుకుని వెళ్ళిపోయింది. అయినా నా తప్పేం లేదు.

జూన్ 4.

ప్రతి ఏడాదీ జూన్ వచ్చిందంటే హేజెల్ పొద్దున్నే పూలు కోసి, ఖాళీ జామ్ సీసాల్లో పెట్టి, గేటు పక్క గోడ మీద వరసగా ఉంచేది. దారిన పోయేవాళ్ళు ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోవడమే. ఖాళీ సీసాలు మళ్ళీ తెచ్చి పెడతారు. మా ఊళ్ళో సగం ఇళ్ళ కిటికీల్లో జూన్ నెలంతా మా పూలే. ఇంట్లో మాత్రం మా బల్ల మీద ఒక్క సీసా, అదీ వంకరపోయిన కాడలతో. "మనకోసం కొన్ని ఉంచవేం" అంటే, "రేపు మళ్ళీ వస్తాయిగా" అనేది. చేతికి ఎముక లేని మనిషి.

ఈసారి ఒక్కటీ పోనివ్వను. ఉత్తరాల అమ్మాయి ఇవాళ గోడ మీద ఖాళీ సీసా పెట్టి నావైపు ఆశగా చూసింది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి గేటుకి దారంతో కట్టాను: ఈ ఏడాది పూలు లేవు.

జూన్ 5.

థెల్మా మా తలుపు సందులోంచి చీటీ వేసింది. విప్పలేదు. నా షెడ్డు గురించే అయ్యుంటుంది. చెత్తబుట్టలో పడేశాను.

ఇరవై రెండు డబ్బాలు.

జూన్ 6, శుక్రవారం. 30 డిగ్రీలు.

వెళ్ళగానే రోజూలాగే తోట సంగతులు చెప్పాను. గులాబీలు బాగున్నాయని, హైడ్రేంజియా మధ్యాహ్నం తల వేలాడేసి సాయంత్రం నీళ్ళు పోయగానే లేస్తోందని, స్వీట్ పీలు ఎనభై దాటాయని. మళ్ళీ అదే, రెండు వేళ్ళ కత్తెర. ఈసారి వదల్లేదు, పది నిమిషాలు అదే పని.

గోళ్ళు కాదు, మొన్నే తీశాం కదా. జుట్టు! ఏప్రిల్ నుంచి జుట్టు కత్తిరించనేలేదు. నెలకోసారి సెలూనుకి వెళ్ళే మనిషి, ఎంత ఇబ్బంది పడుతోందో. సెలూను అమ్మాయికి ఫోను చేసి బతిమాలితే ఐదింటికి వచ్చింది. మంచం మీదే కూర్చోబెట్టి కత్తిరించింది, చక్కగా. అద్దం చూపించాం. హేజెల్ కళ్ళు మూసుకుంది. ఒక కన్నీటి చుక్క చెంప మీదికి జారింది.

బాగుందని ఏడ్చింది.

జూన్ 9, సోమవారం. 31 డిగ్రీలు.

మాటల చికిత్స చేసే ఆవిడ వచ్చింది. చిన్న వయసు, మెడలో పెద్ద కార్డు. హేజెల్ ముందు బొమ్మలు పరిచి, "కప్పు ఏది, చూపించండి. కుక్క ఏది, చూపించండి" అంది, మూడేళ్ళ పాపతో మాట్లాడినట్టు. హేజెల్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేనైనా అలాగే చేసేవాణ్ణి.

తరవాత నన్ను వసారాలోకి పిలిచింది.

"థర్లో గారూ, మనం మాట్లాడేది ఆవిడకి అర్థమవుతోందో లేదో మాకు తేలడం లేదండీ."

"అర్థమవుతోంది. తోట సంగతులు చెబితే వింటుంది."

"వింటున్నట్టు ఉండటం వేరు. ఆ ఎడమ చేతి వేళ్ళు చూశారా? రోజంతా అదే కదలిక. దానికి అర్థం ఉండకపోవచ్చు. మెదడు దెబ్బతిన్నప్పుడు అలా ఒకే పని మళ్ళీ మళ్ళీ చేస్తుంటారు."

23న అందరూ కూర్చుంటారట. ఇంటికి పంపాలా, కేర్ హోమ్‌కి పంపాలా అని. చెప్పింది అర్థం చేసుకోలేని మనిషిని, లేచి నిలబడలేని మనిషిని, డెబ్బై రెండేళ్ళ నేను ఒక్కణ్ణే చూసుకోలేనట. పొయ్యి ముట్టుకోవద్దంటే తెలియాలి కదా, పిలిస్తే పలకాలి కదా అంది. న్యాయంగానే మాట్లాడింది. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

బస్సులో నా స్టాపు దాటిపోయాను. ఆ రూట్లో ఎన్నేళ్ళు తిరిగాను, ఎప్పుడూ అలా జరగలేదు.

జూన్ 11.

రోజలిండ్ ఫోను చేసింది. హేజెల్ చెల్లెలు. మంచిదే, కానీ అన్నీ తనకే తెలుసు.

"నువ్వు నిజం ఒప్పుకోవాలి క్లైవ్. అక్క అక్కలా లేదు."

"నిన్న నన్ను చూసి కనుబొమ్మ ఎగరేసింది."

"కనుబొమ్మ! ఒక్క కనుబొమ్మ చూసుకుని ఇంటికి తెచ్చుకుంటావా? మా ఊరి దగ్గర మంచి కేర్ హోమ్ ఉంది, కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి. నువ్వు కూడా కుప్పకూలిపోతే ఇద్దర్నీ ఎవరు చూస్తారు చెప్పు?"

సూపు పొంగిపోతోందని ఫోను పెట్టేశాను. పొయ్యి మీద సూపేమీ లేదు.

జూన్ 12. 33 డిగ్రీలు. ముప్పై నాలుగు డబ్బాలు. నడుము పట్టేసింది.

జూన్ 14, శనివారం. 32 డిగ్రీలు.

పందిరి కనపడటం లేదు, అన్నీ పూలే. ఊదా, తెలుపు, గులాబీ, అంచు మాత్రం ఎర్రగా ఉన్న ఇంకో రకం. టీ కప్పు పట్టుకుని నిలబడి లెక్కపెట్టాను: రెండువందల పన్నెండు. ఈ ఊళ్ళో ఇన్ని స్వీట్ పీలు ఒక్కచోట ఎవరూ చూసి ఉండరు. ఆ వాసనకి తల తిరిగింది. హేజెల్ ఎప్పుడూ ఇలా ఉంచుకోలేదు, ఉంచుకుని ఉంటే తెలిసేది.

ఇంకో విశేషం. కింది పూలు రాలిన చోట చిన్న చిన్న కాయలు వస్తున్నాయి, అచ్చం బఠాణీ కాయల్లా, నూగుతో. నా చేతిలో తీగ కాయలు కూడా కాస్తోందన్నమాట! తోటపని అంత బ్రహ్మవిద్యేం కాదు.

జూన్ 16.

నూట పది. ఎండ ఎక్కువ కదా, వాడిపోతున్నాయి. కాయలు మాత్రం జోరుగా ఉన్నాయి. రెండు పూటలా నీళ్ళు మోశాను.

జూన్ 17.

నలభై ఒకటి. ఎండే కారణం. ఎండ తగ్గితే అవే వస్తాయి.

జూన్ 18, బుధవారం. 30 డిగ్రీలు.

పందొమ్మిది పూలు. కొత్త మొగ్గ ఏదీ కనపడలేదు, రెండుసార్లు వెతికాను. కింద ఆకులు పసుపుపచ్చగా అయ్యాయి.

చేతిలో ఏమీ లేకుండా వెళ్ళాలనిపించలేదు. పూలు కోయనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి కాయలు కోశాను, గుప్పెడు, బాగా నిండినవి చూసి. రుమాలులో కట్టుకుని వెళ్ళి, ఆమె దుప్పటి మీద విప్పి, "చూడు, నీ తీగలకి ఎన్ని కాయలు కాయించానో" అన్నాను. పొగుడుతుందనే అనుకున్నాను, ముసలి మూర్ఖుణ్ణి.

హేజెల్ ఆ కాయల్ని చూసింది. నన్ను చూసింది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, స్ట్రోక్ వచ్చాక నేను వినని శబ్దం. ఎడమ చేత్తో కాయలన్నీ దుప్పటి మీంచి నేల మీదికి ఊడ్చేసింది. తరవాత ఆ వేళ్ళు నా మొహం ముందు పెట్టి, కత్తెర, కత్తెర, కత్తెర. ఏడుస్తూ. నేను చెయ్యి పట్టుకోబోతే కొట్టింది. పక్క మంచాల వాళ్ళు తిరిగి చూశారు. మారిసెల్ పరుగున వచ్చి ఆమెని పొదివి పట్టుకుని, "బయట కాస్త గాలి పీల్చుకుని రండి, థర్లో గారూ" అంది.

తరవాత మారిసెల్ ఫైలులో ఏదో రాయడం చూశాను. ఏం రాశావని అడిగాను. "చూసింది రాయాలి కదండీ" అంది, నా మొహం చూడకుండా. రోగి ఆవేశపడింది, కారణం తెలియలేదు, అని.

23కి ఇంక ఐదు రోజులు. హేజెల్ నాకు కాకుండా పోయిందేమోనని ఇవాళే మొదటిసారి అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుగా ఉంది.

జూన్ 19. ఎంత ఎండో చూడలేదు.

పొద్దున పందిరి దగ్గర నిలబడి ఏడ్చాను. రాసుకుంటే తప్పేంటి, నా పుస్తకమే కదా. ఏడు పూలు మిగిలాయి. ఏడ్చి ముక్కు తుడుచుకుని తిరిగేసరికి గోడ అవతల థెల్మా, చేతిలో వాడిన గులాబీలు. చూడనట్టు నటించబోయి మానుకుంది.

"ఎలా ఉంది హేజెల్?" అంది.

"నేనేం చేసినా కోపం తెప్పిస్తున్నాను. పూలూ చచ్చిపోతున్నాయి. ఒక్కటి కూడా కోయలేదు థెల్మా. ఒక్కటి కూడా. అన్నీ ఆమెకోసమే ఉంచాను."

ఆవిడ గులాబీలు గోడ మీద పెట్టింది.

"అదే కదయ్యా నీ తప్పు. స్వీట్ పీని కోస్తేనే పూస్తుంది. కోస్తూ ఉంటే, నాకింకా గింజ పడలేదనుకుని మళ్ళీ పూస్తుంది. నాలుగు కాయలు ముదిరాయంటే ఇక నా పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. హేజెల్ రోజూ కోసి ఊరంతా పంచింది మరి ఎందుకనుకున్నావు?"

"దానగుణం అనుకున్నాను."

"అదీ ఉందిలే. అందుకే ఆ రోజు కత్తెర పట్టుకొచ్చాను. నువ్వేమో నన్ను దొంగని చేశావు. చీటీ కూడా వేశాను, రోజూ కొయ్యి, కాయ కట్టనివ్వకు అని పెద్ద అక్షరాలతో రాసి. చదివావా లేదా?"

చదవలేదని చెప్పాను. షెడ్డు గురించి అనుకున్నానని కూడా చెప్పాను. "షెడ్డు!" అని ఆవిడ నవ్వింది, పదకొండేళ్ళ తరవాత. ఆ నవ్వుతూనే తన కత్తెర గోడ మీంచి నాకు అందిస్తూ, వేళ్ళతో గాలిలో రెండుసార్లు ఆడించి చూపించింది, ఇలా కొయ్యాలి అని.

గడ్డి మీద కూలబడ్డాను.

పువ్వు వచ్చిందని చెప్పిన రోజు కత్తెర. ఎనభై దాటాయన్న రోజు కత్తెర. కాయలు చూపిస్తే ఏడుస్తూ కత్తెర. గోళ్ళు కాదు. జుట్టు కాదు. మూడు వారాలుగా రోజూ చెబుతూనే ఉంది, ఉన్న ఒక్క చేత్తో. నేను చెప్పే ప్రతి మాటా వింది, ప్రతి మాటా అర్థమైంది, దానికి సరైన జవాబే ఇచ్చింది. అర్థం కానిది నాకు. అర్థం లేని కదలిక అని ఫైలులో రాసుకున్నారు, నేను కాదనలేదు.

థెల్మా గోడ చుట్టూ తిరిగి వచ్చి నన్ను లేపింది. ఇద్దరం కలిసి మధ్యాహ్నం దాకా కోశాం, ఏడు పూలూ, ఒక్క తీగ తప్ప మిగతా కాయలన్నీ, బకెట్టు నిండా. తినకు బాబూ, విషం అని రెండుసార్లు హెచ్చరించింది, నా తెలివి మీద నమ్మకం లేక. మళ్ళీ పూస్తాయా అంటే, "వేళ్ళకి నీళ్ళు, పైన కత్తెర. రెండు వారాలు చూద్దాం. మాటివ్వను" అంది.

ఇవాళ ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆమె మొహం చూసే ధైర్యం చాలలేదు.

జూన్ 20, శుక్రవారం.

తీగ ఒకటి మొదలంటా కోసి పట్టుకెళ్ళాను. ఆకుల చాటున నేను చూడని మొగ్గలు నాలుగు ఉన్నాయి, కాయలు ఆరు, హేజెల్‌కి చూపించాలని థెల్మా నిన్న వదిలేసిన తీగ. థెల్మా కూడా వచ్చింది. మంచం పక్కన కూర్చుని హేజెల్‌తో చెప్పాను, మొదటి నుంచీ. గోళ్ళ సంగతి, జుట్టు సంగతి, అట్టముక్క సంగతి, థెల్మాని తిట్టిన సంగతి. "నువ్వు చెబుతూనే ఉన్నావు. నేనే చెవిటివాణ్ణి. తప్పయిపోయింది హేజెల్" అన్నాను.

హేజెల్ నవ్వింది. మూతి ఒక పక్కే కదులుతుంది ఇప్పుడు, కానీ అది నవ్వే.

ఎడమ చెయ్యి చాపింది. కత్తెర ఇచ్చాను. తీగ ఆమె ముందు పట్టుకున్నాను. రెండుసార్లు తప్పి, మూడోసారి మొదటి కాయ కోసింది. రెండోది. మూడోది. పక్కనే ఉన్న మొగ్గ జోలికి వెళ్ళలేదు. ఆరు కాయలూ కోసింది, నాలుగు మొగ్గలూ అలాగే ఉన్నాయి. నేను సాయం చేద్దామని ఒక కాడ వైపు వేలు చూపించాను, అది మొగ్గ. కత్తెర పట్టుకున్న చేత్తోనే నా మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

"అదీ దెబ్బ!" అంది థెల్మా.

వెనక మారిసెల్ ట్రే పట్టుకుని నిలబడిపోయింది. ట్రే ఎక్కడ పెట్టిందో తెలీదు, "ఉండండి, కదలకండి, ఎవరూ కదలకండి" అంటూ వసారాలో పరుగెత్తింది. మాటల చికిత్స అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ అమ్మాయి కుర్చీ జరుపుకుని, ఈసారి పెద్ద మనిషితో మాట్లాడినట్టే, "హేజెల్ గారూ, కోసినవి కోసి, వీటిని ఎందుకు వదిలేశారో చూపిస్తారా?" అంది. హేజెల్ కాయ ఒకటి తీసి పక్కన చెత్తబుట్టలో వేసింది. మొగ్గని వేలితో ముట్టుకుని, కిటికీ బయట ఎండని చూపించింది.

ఆ అమ్మాయి మెడలో కార్డు అటూ ఇటూ తిప్పింది. "నేను కప్పు బొమ్మ చూపించాను" అంది చివరికి.

మారిసెల్ ఫైలు తెరిచి, నాకు వినపడేలా చదువుతూ రాసింది: ఆవేశానికి కారణం తెలిసింది, భర్త.

జూన్ 23, సోమవారం. 29 డిగ్రీలు. కొంచెం మబ్బు.

ఏడుగురు కూర్చున్నారు. రోజలిండ్ రైల్లో వచ్చింది, కేర్ హోమ్ కాగితాలు సంచిలో పెట్టుకుని. హేజెల్‌ని కూడా చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు, ఆమె గురించి ఆమె లేకుండా మాట్లాడొద్దని మారిసెల్ పట్టుబట్టిందట. డాక్టరు నేరుగా హేజెల్‌నే అడిగాడు, ఇంటికి వెళ్ళాలని ఉందా అని. హేజెల్ చెయ్యెత్తి రెండు వేళ్ళూ ఆడించింది.

డాక్టరుకి అర్థం కాలేదు. మిగతా అందరికీ అర్థమైంది. రోజలిండ్ సంచి మూసేసి, ముక్కు చీదుకుని, "పని ఉందంటోంది అక్క. పంపించండి" అంది.

రోజూ రెండు పూటలా మనిషి వచ్చి సాయం చేస్తారు. ఆరు వారాలు చూసి మళ్ళీ మాట్లాడతారు. మంచం మేడ మీద కాదు, కింది అంతస్తు ముందు గదిలో, తోట కనపడే కిటికీ దగ్గర. ఇంటికి పంపేది జూలై 4.

జూన్ 27. మొగ్గలు లేవు. ఇరవై ఆరు డబ్బాలు, పద్నాలుగు నేను, పన్నెండు థెల్మా.

జూన్ 30. మొగ్గలు లేవు. ఆకులు మాత్రం పచ్చబడ్డాయి.

జూలై 2. ఉన్నాయి!

జూలై 3.

ఒకటి విచ్చింది. అంచు ఎర్రగా ఉన్న రకం. కత్తెర పట్టుకుని వెళ్ళి తిరిగొచ్చాను. ఇదొక్కటీ కోయను. రేపు ఆమె చూడాలి.

జూలై 4, శుక్రవారం. 27 డిగ్రీలు.

చేరిన టైము: ఉదయం పదకొండూ ఇరవై.

గేటు దగ్గర థెల్మా కొత్త యాప్రాన్ కట్టుకుని నిలబడింది. హేజెల్ మొదట థెల్మా చెయ్యి పట్టుకుని నొక్కింది. గేటుకి కట్టిన అట్టముక్క చూసింది: ఈ ఏడాది పూలు లేవు. నావైపు తిరిగింది. విప్పడం మరిచిపోయాను, ఏం చెప్పను? రెండు వేళ్ళూ ఆడించింది. జేబులోంచి కత్తెర తీసి దారం కత్తిరించాను. అట్టముక్క థెల్మా పట్టుకుపోయింది, పొయ్యి ముట్టించడానికి పనికొస్తుందంటూ.

కుర్చీ పందిరి దాకా తోశాను, అంచులు తొక్కకుండా. "నీకోసమే ఉంచాను" అని ఆ ఒక్క పువ్వూ చూపించాను. హేజెల్ మొహం దగ్గరికి తీసుకుని వాసన చూసింది, చాలాసేపు. తరవాత చెయ్యి చాపింది. నాకు ప్రాణం ఉసూరుమంది, అయినా కత్తెర ఇచ్చాను. టక్కున కోసేసింది.

ఆ పువ్వు నా చొక్కా జేబులో పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించింది. నేను వంగి నిలబడ్డాను, అందేలా. నాలుగోసారి వచ్చింది.

జూలై 5.

నాలుగు పూశాయి. నాలుగూ కోశాను. జామ్ సీసాలో పెట్టి గోడ మీద ఉంచి, టీ కలపడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి సీసా లేదు. ఎవరు తీసుకెళ్ళారో కిటికీ దగ్గరున్న హేజెల్ చూసింది. అడిగితే చెప్పలేదు, నవ్వింది. రేపు మళ్ళీ వస్తాయిగా.